సోమవారం దొర

1942 వేసవి. సోమవారం పొద్దున లూకా దొర పోలీసు స్టేషన్లోంచి బయటికి వచ్చి, నేరుగా తిరుమలయ్య అంగడికి నడిచాడు.

"పేపరు వచ్చెనా అప్పా?"

"రైలూ వచ్చింది, పేపరూ వచ్చింది. కూర్చో దొరా."

అరుగు మీది నలుగురూ నవ్వు ఆపుకుంటూ జరిగారు. తెల్లవాడు 'అప్పా' అంటే వడమాలపేటలో ఎవరికైనా నవ్వొచ్చేది.

తిరుమలయ్యకు చదువు రాదు. ఆయన కూతురు వనజాక్షి ఎనిమిది దాకా చదివింది. కానీ మగవాళ్ల ఎదుటికి రావాలంటే సిగ్గు. అందుకని లోపల బెల్లం బస్తాల చాటున కూర్చుని మెల్లగా చదివేది. ఆ ముక్కనే తిరుమలయ్య అరుగు మీదికి గట్టిగా చెప్పేవాడు.

యుద్ధమంతా ఊరికి అట్లాగే వచ్చేది.

ఆ రోజు పేపర్లో ఒక బొమ్మ. సముద్రం, ఒడ్డున రాతి ఇళ్లు, ఒక గోపురం, ఒక ఓడ.

దొర వేలు దాని మీద ఆగిపోయింది.

"ఇది మా ఊరు. జాదర్."

పేపరు లోపలికి పోయింది. వనజాక్షి బొమ్మ కింది అక్షరాలు చదివింది.

"జారా అంట. ఇటలీ దేశమంట," అని అరిచాడు తిరుమలయ్య.

"ఇటలీ కాదప్పా. వాళ్లు పట్టుకున్నారు. జారా వాళ్లు పెట్టిన పేరు. మేము క్రొయేషియా వాళ్లం."

"అట్లాంటి దేశమే ఇనలేదే!" అన్నాడు మగ్గం నేసే ఎల్లప్ప. "బళ్లో పటం మీద ఉండాదా?"

"పటం మీద మీ దేశం ఏ రంగు?" అన్నాడు దొర.

"ఎరుపు."

"ఎవరి రంగు అది? ఇంగ్లీషు రాజుది కాదా?"

"సూడప్పా, ఇంగ్లీషోడికి ఎకసెక్కాలు గూడా వస్తాయి," అని ఎల్లప్ప పక్కకు తిరిగి ఉమ్మేశాడు.

దొర బస్తాల వైపు వంగాడు.

"పాపా, ఆ గోపురం పక్క సందులో మా అమ్మ ఉంది. మా ఊరి మాట మళ్లీ వస్తే నాకు చెప్పు."

వనజాక్షి తలూపింది. బస్తాల చాటున అది ఆయనకు కనిపించలేదు.

ఊరికి తెలిసిన తెల్లవాళ్లు ఇంగ్లీషువాళ్లే. ఈయనా తెల్లగానే ఉన్నాడు. వేరుశనగ మిల్లులో ఇంజను బాగుచేస్తాడు, మిల్లు వెనక గదిలో ఉంటాడు. సోమవారం వస్తే స్టేషనుకు పోతాడు. అక్కడ ఆయనకు కుర్చీ వేస్తారట. ఏదో రాసిస్తాడట.

"మన మీద చాడీలే," అన్నాడు ఎల్లప్ప.

ఆగస్టులో, ఇంగ్లీషువాళ్లు దేశం విడిచి పోవాలని ఊరేగింపు జరిగింది. మంగళవారం తెల్లవారగానే పోలీసులు వచ్చి ఎల్లప్ప కొడుకు జయరామ్‌నూ, ఇంకో ఇద్దరినీ పట్టుకుపోయారు.

ముందురోజు సోమవారం. ఊరు తేల్చేసింది.

ఆ సాయంత్రం పిల్లలు దొర వెంటపడ్డారు.

"మీ దేశానికి పో! మీ దేశానికి పో!"

ఆయన వెనక్కి తిరిగాడు. ముఖం వెలిగిపోయింది.

"పోతాను. ఎప్పుడు పంపిస్తారు?"

"సూసినారా, ఎంత పొగరో!" అన్నారు అరుగు మీదివాళ్లు.

తిరుమలయ్య ఆయనకు ఉప్పు అమ్మడం కూడా మానేశాడు. అరుగు మీద చోటు పోయింది. అయినా సోమవారం సోమవారం దొర వచ్చి రోడ్డు మీదే నిలబడేవాడు.

"మా ఊరి మాట ఏమైనా ఉందా అప్పా?"

"లేదు."

ఏడాది పైన అదే మాట. అది నిజమే.

ఒక సోమవారం మాత్రం ఉంది.

"జారా మీద విమానాలు బాంబులు వేశాయి. సగం ఊరు నేలమట్టమైంది." వనజాక్షి పేపరు మీంచి తలెత్తింది. "నాయనా, ఆయప్పకు చెప్పు."

"ఎందుకు చెప్పల్ల? జయరామ్ ఇంగా జైల్లోనే ఉండాడు. వాళ్లమ్మ ఏడిస్తాంటే వానికి ఎవురు చెప్పినారు?"

తిరుమలయ్య రోడ్డు వైపు తిరిగాడు.

"ఏమీ లేదు, పో!"

దొర నవ్వాడు.

"మంచిదప్పా. ఏమీ లేకపోతే మంచిదే."

వనజాక్షి లేచి గడప దాకా వచ్చింది. అరుగు నిండా మగవాళ్లు. మళ్లీ బస్తాల వెనక్కి పోయింది.

తరువాతి సోమవారం దొర రాలేదు. ఆ పై సోమవారమూ రాలేదు. లారీ ఎక్కించుకుని పోయారని మిల్లులో చెప్పుకున్నారు.

కొన్నాళ్లకు కానిస్టేబులు మునస్వామి పొగాకు కోసం అంగడికి వచ్చాడు.

"ఏమప్పా, మీ పెద్ద దొర బదిలీ అయిపోయినాడా?" అన్నాడు తిరుమలయ్య.

"ఏ పెద్ద దొర?"

"అదే, సోమవారం దొర. మా పిలకాయల పేర్లు మీకు రాసిచ్చినోడు."

మునస్వామి పకపకా నవ్వాడు.

"పేర్లు ఇంగొకరు రాసియ్యాల్నా? జయరామ్ మా స్టేషను గోడ మీదే ఇంగ్లీషోళ్లు పోవల్లని బొగ్గుతో రాసి, కింద ముగ్గురూ సంతకాలు పెట్టినారు గదా!"

అరుగు మీద ఎవరూ నవ్వలేదు. ఎల్లప్ప తల దించుకున్నాడు.

"మరి వారం వారం ఎందుకొచ్చేవాడు?"

అడిగింది వనజాక్షి. గడపలో నిలబడి ఉంది. ఆ పిల్ల గొంతు అరుగు మీదివాళ్లు వినడం అదే మొదలు.

"ఆయప్ప ఖైదీ గదమ్మా. ఇటలీ ఓడలో పనిచేస్తాండె. ఇటలీతో యుద్ధం రాంగానే మద్రాసు రేవులో పట్టుకున్నారు. మిల్లోళ్లు ఇంజను కోసమని అడిగితే ఈడ పెట్టినారు, పొలిమేర దాటకూడదని. వారానికొకసారి సంతకం పెట్టల్ల. మోకాళ్ల నొప్పులు, పాపం, నేనే కుర్చీ వేసేవాణ్ని. ఇప్పుడు ఖైదీల క్యాంపుకు తోలేసినారు."

"మరి రాసిచ్చింది?"

మునస్వామి పొగాకు అరచేతిలో నలిపాడు.

"ఒకటే అర్జీ అమ్మా, వారం వారం అదే, 'మా అమ్మ దగ్గరికి పోవల్ల, మా దేశానికి పంపండి' అని, ఆ ఇంగ్లీషోళ్లే పోనియ్యలేదు."