కొండతేనె

“మా బావ కొండకు దిగిన తాడు నా చేతిలోనే ఉండె సారూ. పెండ్లాం తోడబుట్టినోడే తాడు పట్టాలని మా ఆనవాయితీ. చెల్లెలి తాళి ఏ అన్నా తెంపడు,” అన్నాడు తిక్కన్న. “ఈరప్ప బావ తేనె కోసి పైకి పంపినాడు. ఆ తర్వాతే తాడు తెగె.”

ఆలూరు జమేదారు తేనె సర్వను హులిగమ్మ ముందుకు జరిపాడు. “సూడమ్మా. ఇది కొండతేనే అయితే మీయన్న సెప్పేది నిజం.”

కొండ మీదినుంచి పడిన మొగుడి శవం పక్కనే కూర్చుని, ఆమె వేలు ముంచి నాలుకకు రాసుకుంది.

కొండతేనె గొంతు మండిస్తుంది. ఇది మండలేదు. కాస్త పుల్లగా ఉంది. నడుమెత్తు కంపల్లో దొరికే జుంటితేనె. అంటే, ఈరప్ప కొండకు వేలాడుతుండగా తాడును ఏ రాయికో కట్టేసి అన్న కంపల్లో తిరిగాడు.

తలెత్తి చూసింది. పిల్లలిద్దరూ మేనమామ పంచె పట్టుకుని నిలబడ్డారు. రేపటి నుంచి వాళ్లకు ముద్ద పెట్టేది అతనే. ఆమెకు ఇంకో పుట్టిల్లు లేదు.

“కొండతేనే సారూ.”

జమేదారు రాసుకుని వెళ్లిపోయాడు. తిక్కన్న ఆమె ముఖం చూడలేదు. లెమ్మని చెయ్యి చాచాడు.

తాడు పట్టాల్సిన చెయ్యి. హులిగమ్మ దాన్ని పట్టుకునే లేచింది.