పెత్రమాస బియ్యం

దగ్గరికి జరగండి బిడ్డలారా. చేతిలో పనుంటే ఉండనీయండి, చెవులు మాత్రం ఇటివ్వండి.

రజాకార్ల గొడవ సద్దుమణిగి పదేండ్లయిందేమో. బోథ్‌లో కొత్తగా మహిళా మండలి పెట్టారు. బతుకమ్మ మొదలయ్యే పెత్రమాస నాడు అయిదుగురు ఆడవాళ్లు గంప పట్టుకొని బయలుదేరారు.

క్షయరోగుల దవాఖానకు బియ్యం పోగుచేయాలి.

ఆ రోజు ప్రతి ఇంట్లో చనిపోయిన పెద్దల పేరు మీద బియ్యం ఇస్తారు కదా, మనకూ ఇంత పొయ్యరా అని వాళ్ల ధీమా.

అక్కడే పొరపాటు పడ్డారు.

"పెద్దల బియ్యం రోగులకా? బతికున్నోళ్లను సచ్చినోళ్లల్ల కలుపుతరానే?" మొదటి ఇంటి శంకరవ్వ తలుపేసుకుంది.

పది ఇళ్లు తిరిగినా అదే మాట. తిరిగి తిరిగి మళ్లీ శంకరవ్వ వాకిటి ముందుకే వచ్చారు.

ఆ అయిదుగురిలో కిష్టవ్వ ఒకతి. ఆమె తమ్ముడు కైలాసం ఆ దవాఖానలోనే ఉన్నాడు. కడుపు నిండనిదే సూదిమందు పనిచేయదని డాక్టరు చెప్పాడు. రేపటి మోటారు బస్సుకు బియ్యం చేరకపోతే అక్కడ పొయ్యి వెలగదు.

"పండుగెల్లినంక అడుగుదాం తియ్యి," అంది వాళ్లలో ఒకతైన అనసూర్య.

"అప్పటిదాంక వాడుండాలె కదనే!"

అంతలో బక్కపలచటి మనిషి ఒకడు రోడ్డు మీద మోటారు దిగి వచ్చాడు. తువ్వాల మూతికి అడ్డం పెట్టుకొని, చిన్న మూట నేల మీద ఉంచి వెనక్కి జరిగాడు.

"బియ్యం తీసుకోండ్రవ్వా. సిద్దిరాములు పేరు మీద."

కిష్టవ్వ జంకింది. "సచ్చినోళ్ల పేరు మీదియి రోగులకు కీడంటున్నరయ్యా."

"సచ్చినోళ్లొచ్చి తింటరా? పేరు వాళ్లది, బువ్వ బతికున్నోళ్లది. పేరు పిలిచి గంపల పొయ్యి. జర గట్టిగ పిలువు, నాకినపడాలె."

"ఏ ఊరోడో ఏమో, పెద్ద పంతులయిండు!" తలుపు సందులోంచి శంకరవ్వ దెప్పింది.

అతను నవ్వబోయాడు. దగ్గు అడ్డం వచ్చింది.

"సిద్దిరాములు పేరు మీద!" కిష్టవ్వ పిలిచింది.

అతను కళ్లు మూసుకొని విన్నాడు. దండం పెట్టి వెళ్లిపోయాడు.

ఒక తలుపు కిర్రుమంది.

"మా బాపు పేరు గూడ గట్లనే పిలుస్తవానె?"

చేట పట్టుకొని మొదట బయటికి వచ్చింది శంకరవ్వే. ఆమె వెనుక వాడంతా కదిలింది. పొద్దు గూకేసరికి బస్తా నిండింది.

తెల్లారి కిష్టవ్వే మోటారులో బస్తా తీసుకుపోయింది. కైలాసం లేచి కూర్చొని ఉన్నాడు. హమ్మయ్య అనుకుంది.

పక్క మంచం మీది మనిషికి మాత్రం ముఖం మీదాకా దుప్పటి కప్పి ఉంది. తలాపున తువ్వాల చూసి గుర్తుపట్టింది.

"అయ్యో, నిన్న బియ్యమిచ్చినాయన! ఆ సిద్దిరాములు ఈయనకు ఏమయితడురా? బాపా, అన్ననా?"

కైలాసం కళ్లు తుడుచుకున్నాడు.

"ముందు ఎనుక ఎవ్వల్లేరక్కా. మీరు బియ్యం అడుగుతరని నేనే చెప్పిన. కంబలి అమ్మి బియ్యం కొన్నడు. రేపో మాపో నేను పోతే నా పేరు మీద ఎవ్వలిస్తరు అనుకుంట మీ కాడికొచ్చిండు. సిద్దిరాములు ఈయనే."

ఈ మాట యాదుంచుకోండి బిడ్డలారా, మీ పిల్లలకూ చెప్పండి. పెత్రమాస నాడు మీ పెద్దల పేర్లన్నీ అయ్యాక, ఆయన పేరు మీద కూడా ఒక దోసెడు పొయ్యండి.