పలహారం

"నువ్వు ఊఁ అనేదాకా నీ చేతి వంట ముట్టను!"

బసవపున్నారావు కంచం ముందు నుంచి లేచి, కండువా దులిపి భుజాన వేసుకుని, వసారాలో నవారు మంచం మీద అటు తిరిగి పడుకున్నాడు. వడ్డించిన ముద్దపప్పు, ఆవకాయ కంచంలోనే ఉండిపోయాయి.

నాగేశ్వరమ్మ కంచం వంక చూసింది, మొగుడి వీపు వంక చూసింది. ఊఁ అంటే పోయేది ఆమె పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమల కింద ఇచ్చిన చిన్నరసాల మామిడితోట. ఈ కాపు దిగగానే చెట్లన్నీ కొట్టించి అక్కడ కోళ్ళఫారం పెడతానంటాడు ఆయన. విస్సన్నపేటలో స్నేహితుడెవరో కోళ్ళఫారం పెట్టి లూనా బండి కొన్నాడట. ఈయనగారికీ లూనా ఎక్కాలని ఉంది.

"నా చెట్లు కొట్టనివ్వను" అంది గుమ్మంలో నిలబడి.

"అయితే నేను పస్తు."

ఆ ఒక్క మాటతో పని అయిపోతుందని ఆయన ధీమా. మొగుడు తినకుండా పెళ్ళాం అన్నం తినకూడదని ఆ ఇంటి కట్టుబాటు. ఆయన అలిగితే ఆమెకూ పస్తే. పుట్టింటి కాసులపేరు అలాగే పోయింది, పాడి గేదె అలాగే పోయింది. ఆకలికి కళ్ళు తిరిగి ఆమే ముందు "మీ ఇష్టం" అనేసేది. అలిగినాయన మాత్రం గుండ్రాయిలా ఉండేవాడు. మగాళ్ళ ఒళ్ళు అంత గట్టిది కాబోలు అనుకునేది ఆ పిచ్చి ఇల్లాలు.

ఈసారి ఆమెకు ఒళ్ళు మండింది. చరచరా వంటింట్లోకి వెళ్ళి, రేషన్ గోధుమలు మర పట్టించిన పిండి డబ్బా దించింది. చిటికెడు ఉప్పు వేసి, గోరువెచ్చని నీళ్ళు పోసి, ఉన్న కసంతా ఆ ముద్ద మీదే చూపిస్తూ పిసికింది. తడిగుడ్డ కప్పి కాసేపు నాననిచ్చింది. పీట మీద కర్రతో టకటకా ఒత్తి పెనం మీద వేస్తే చపాతీ బుస్సున పొంగింది. నేతి చుక్క పడగానే వాసన వసారాదాకా వెళ్ళింది.

నవారు మంచం కిర్రుమంది.

"ఏమే, ఏంటది?"

"చపాతీలండీ."

"మొగుడు పస్తుంటే తింటావా?"

"అన్నమైతే తినకూడదు. ఇది పలహారం. శనివారం రాత్రి ఉపవాసమంటూ మీరు నాలుగేసి లాగిస్తారుగా, ఎప్పుడైనా మీ ఉపవాసం చెడిందా? నా పస్తూ చెడదు. మీకూ వెయ్యమంటారా?"

"నీ చేతి వంట ముట్టనన్నానా!"

"అయితే పడుకోండి."

ఆయనకు కనబడేలా గడప దగ్గరే పీట వాల్చుకుంది. గడ్డిలో మాగేసిన చిన్నరసాలు గిన్నెలోకి పిండి, అందులో చపాతీ ముంచుకుని తింది. రసం మోచేతిదాకా కారింది. ఆ ఇంట్లో మొగుడికంటే ముందు తన కడుపు నిండటం అదే మొదలు. కాస్త భయం వేసింది. అయినా ఇంకో చపాతీ వేసుకుంది.

బసవపున్నారావు ఒక్క విసురున లేచి, "తోటకెళ్ళొస్తా" అని చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. ఎండ తగ్గాక వచ్చి మళ్ళీ అటు తిరిగి పడుకున్నాడు. పడుకుంటూ గట్టిగా త్రేన్చాడు.

ఖాళీ కడుపు త్రేన్పు, పాపం, అనుకుంది నాగేశ్వరమ్మ. జాలి గొంతుదాకా వచ్చింది. దాన్ని మింగేసి రాత్రికి మళ్ళీ పిండి కలిపింది.

మర్నాడూ అదే వరస. ఆయన మంచం దిగడు, ఆమె పెనం దించదు.

"ఆగిరిపల్లి నుంచి రంపం వాళ్ళని రమ్మని కబురు పెట్టాను" అన్నాడాయన గోడతో చెబుతున్నట్టు.

"రానివ్వండి. వాళ్ళకీ చపాతీలు పెట్టి వెనక్కి పంపిస్తా."

నేతి వాసన వచ్చినప్పుడల్లా ఆయన కండువా ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. గుటకలు మాత్రం ఆమెకు వినిపిస్తూనే ఉన్నాయి. ఆపైన లేచి తోటకి వెళ్ళి రావడమూ, వచ్చి త్రేన్చడమూ మామూలే.

ఆ మరుసటి రోజు పొద్దున్నే కనకమ్మ పెరటి గుమ్మంలో నిలబడింది. తోట కాపలా పోతురాజు పెళ్ళాం ఆమె. ఆ చిన్నరసాల తోటలోనే పాక వేసుకుని ఉంటారు ఇద్దరూ.

"అమ్మగారూ, చపాతీలు ఎట్టా చేస్తారో కాస్త చూపిస్తారా అండీ?"

నాగేశ్వరమ్మకు తన పక్షాన ఒక మనిషి దొరికినట్టయింది. "అంతకంటేనా! రా, కూర్చో. నీళ్ళు ఒక్కసారే గుమ్మరించకు. ఊఁ, ఇప్పుడు పిసుకు. ఇంకా గట్టిగా. మొగుడి మీద కోపముంటే ఇంకా మెత్తగా వస్తుంది."

కనకమ్మ నవ్వుతూ ఒత్తింది. మొదటిది మూడు మూలలుగా వచ్చింది. రెండోది కాస్త గుండ్రపడింది.

"వంకర ఉంటే ఉందిలే, కాలితే చాలు. పోతురాజు తింటాడా ఇవి?"

"ఆయనకి అన్నం ఉండాల్సిందేనండీ. ఇవి గొంతు దిగవు."

"పోనీ నీకు ఇష్టమా?"

"నేనింతవరకు నోట్లో పెట్టుకుని ఎరగనండీ."

"మరెవరి కోసమే ఇంత శ్రద్ధగా నేర్చుకుంటున్నావు?"

కనకమ్మ పెనం మీద చపాతీ తిరగేస్తూ అంది:

"అయ్యగారికేనండీ! తమరు నోము పట్టి ఇంట్లో వంట మానేసినప్పుడల్లా ఆయన భోజనం మా పాకలోనేగా. ఇవాళ మాత్రం అన్నం వద్దన్నారండీ. చపాతీలే కావాలంట, అందులోకి మన చెట్ల రసాలు పిండమన్నారు!"