మాది పుత్తూరు

"మీదే ఊరప్పా?" అనడిగాడు ఆదికేశవులు. సముద్రం ఒడ్డున నేను దిగిన కాటేజీలను ఆయన ఇంటిల్లిపాదీ కలిసి నడుపుతుంటారు.

తిరుపతి అంటే కొంప మునుగుతుంది. కొండకొచ్చే ప్రతివాడికీ మా ఇల్లే సత్రం. అందుకే తెలివిగా "పుత్తూరు" అన్నాను.

ఆయన మొహం వెలిగిపోయింది. రొయ్యల వేపుడు కొసరి కొసరి వడ్డించాడు. అబద్ధం అంత రుచిగా ఉంటుందనుకోలేదు.

మర్నాడు తలుపు తీస్తే, ఆయన తండ్రి వాచిన చెయ్యి చాపి నిలబడి ఉన్నాడు, పక్కనే ఆదికేశవులు.

"నాయన ఇప్పుడే జారి పడినాడు. దేవుడి మాదిరి పుత్తూరాయన దొరికినారు. కట్టు కట్టండప్పా."

ఎముక విరిగితే పుత్తూరు కట్టు కట్టించాలని జిల్లాలో అందరికీ తెలుసు. ఆ ఊళ్లో అందరూ కట్టు కట్టేవాళ్లేనని ఈయనొక్కడికే తెలుసు.

"మాది తిరుపతి" అని ఒప్పుకున్నాను.

ఆదికేశవులు నొచ్చుకోలేదు. ఇంట్లోకి కేకేశాడు.

"అందరూ బయల్దేరండి. నాయనకు పుత్తూరులో కట్టు కట్టించి, అట్నే కొండకు పోదాం. తిరుపతిలో మనకు ఇల్లుండాది."