టీబీ మనిషి

గిద్యోను తాగి పెట్టిన గ్లాసును మస్తానమ్మ చీపురుతో నెట్టింది. అది బండ మీద పడి పగిలింది.

"రేపట్నించి రావాకు అబ్బయ్యా."

"దూరంగానే నిలబడి తాగతా ఉండా గదక్కా."

"టీబీ అని ఊరంతా తెలిసిపొయ్యింది. నిన్ను చూసి నా అంగట్లో టీ తాగేవాడు లేడు. ఇంట్లో కొత్త కోడలుంది."

గిద్యోను అల్లూరు అవతల, సముద్రం పక్క రొయ్యల గుంటలకు కాపలా మనిషి. ఏ ఊరివాడో ఎవరికీ తెలియదు. టీబీ అని తేలినప్పటి నుంచి కూలీలు అతని పక్కన కూర్చుని అన్నం తినడం మానేశారు. అయినా ఎండనకా వాననకా పొద్దున్నే గట్టు వెంట నడిచి ఇక్కడికి వచ్చేవాడు.

"టీ కోసం అంత దూరం రావాల్నా? ఆ పాకలోనే కాసుకో."

"సరేక్కా."

పొయ్యి దగ్గరున్న కోడలు వెన్నెల వైపు ఒకసారి చూశాడు. మస్తానమ్మకు ఒళ్లు మండింది.

"దాన్నేంది చూస్తుండావు? పో."

అతను వెళ్లిపోయాడు. అంతటితో ఊరుకోక, ఆమె గుంటల యజమానికి ఫోన్ చేసింది. ఆ వారమే అతణ్ణి పనిలోంచి తీసేశారు.

కొన్నాళ్లకు వెన్నెలకు దగ్గు మొదలైంది.

కళ్లె పరీక్ష చేసిన రెజీనా, అల్లూరు ఆస్పత్రి నుంచి తనే అంగడికి వచ్చింది.

"టీబీనే పిన్నమ్మా. భయం లేదు, మందులకు లొంగేదే. కళ్లె పరీక్ష చేసే మిషను అది కూడా చెప్పింది."

"ఆ పాపిష్టోడు అంటించి పొయ్యినాడు."

"గిద్యోనా? ఊరు విడిచి పోతుంటే మేమే ఆపి పరీక్ష చేసినాం. జబ్బు నయమైనా చచ్చిన క్రిముల జాడను ఆ మిషను చాన్నాళ్లు పట్టేస్తది. ఆయన కళ్లెలో ఆ జాడే లేదు. ఎక్స్‌రేలో మచ్చ లేదు. ఆయనకి టీబీ వచ్చినట్టే లేదు."

"మరి మొదట్లో ఉందన్నారే?"

"అదే మాకూ అంతు చిక్కలా."

పొయ్యి దగ్గరున్న వెన్నెల లేచి వచ్చింది.

"అప్పుడాయన ఇచ్చింది నా కళ్లె అత్తా. తెలిస్తే పుట్టింటికి తరిమేస్తావని ఏడిస్తే, రోజూ మందులు తెచ్చి చాటుగా నా చేతిలో పెట్టి పొయ్యేవాడు. ఆయన పొయ్యినాక మందులు ఆగి దగ్గు తిరగబెట్టింది."

మస్తానమ్మ చేతిలోని టీ గ్లాసు కింద పెట్టింది.

"'జబ్బు నా పేరు మీద రాయించుకుంటాలేమ్మా, నన్ను వదిలేసి పొయ్యేదానికి నాకెవరూ లేరు' అన్నాడు."