నీడ జరిగేదాకా

"కాస్త పక్కకు జరగమ్మా, నీ నీడ పడుతోంది!"

ఫోటో తీయబోతూ సెల్‌ఫోను పట్టుకుని ఆపరేటర్ విసుక్కున్నాడు.

సమాధి పక్కన నిలబడ్డ ముసలావిడ తలెత్తి చూసింది.

"నీడ నాది కాదు నాయనా, చెట్టుది. పావుగంట ఆగు, అదే జరుగుతుంది."

సినిమా హాల్లో ముప్పై ఏళ్లు ప్రొజెక్టర్ నడిపి రిటైరైనవాడు ఆపరేటర్. సినీతార పెద్దరాణి సినిమా వచ్చిందంటే రోజుకు నాలుగు ఆటలు. తాను కన్నుమూసేలోగా ఆమె సమాధి ఒక్కసారి చూడాలని భార్యను వెంటబెట్టుకుని, రెండు బస్సులు మారి వచ్చాడు.

గేటు దగ్గరే చెప్పులు విప్పేశాడు. తెర నిండా పరుచుకునే ఆ మొహం ఈ ఆరడుగుల రాయి కింద ఉందంటే నమ్మబుద్ధి కావడం లేదు.

"మీరు నిలబడండి, నేను తీస్తాను," అంది భార్య.

"నువ్వు తీస్తే నా తలకాయ ఎగిరిపోతుంది."

"ఇలా ఇవ్వు, నేను తీస్తాను," అంది ముసలావిడ.

అనుమానంగానే ఇచ్చాడు.

ఆవిడ తీయలేదు. ఆకాశం వంక చూసింది. సమాధి చుట్టూ ఒకసారి తిరిగింది. మళ్లీ ఆకాశం వంక చూసింది.

"బస్సుకి టైమవుతోంది, పెద్దమ్మా!"

"ఎదురెండలో రాణి ఎప్పుడూ నిలబడేది కాదు."

"నీకెలా తెలుసు?"

"చూశాను."

"మేమూ చూశాం. రోజుకు నాలుగు ఆటలు!"

"నేను కాస్త దగ్గరగా చూశాను."

చచ్చినవాడి కళ్లు చారెడని ఊరికే అనలేదు. తార పోయాక ప్రతివాడూ దగ్గరివాడే. ఆపరేటర్ లోలోపల నవ్వుకున్నాడు.

నీడ జరిగింది. ఎండ మెత్తబడింది.

"రెండడుగులు ఎడమకి. గడ్డం దించు. నా వైపు చూడకు నాయనా, నువ్వు ఎవరి కోసం వచ్చావో ఆమెను చూడు."

చూశాడు. ఆవిడ ఫోను ఒక్కసారే నొక్కి ఇచ్చేసింది.

"ఇంకోటి తీయవా?"

"అక్కర్లేదు."

ఫోను జేబులో పడేసుకుని ఆపరేటర్ బస్టాండుకి పరుగందుకున్నాడు.

బస్సులో సీటు దొరికాక భార్య ఫోను తీసి చూసింది.

"ఏవండీ... ఇది మీరేనా?"

ఆపరేటర్ కూడా చూశాడు. రాతి మీద అక్షరాలు ఒక్కొక్కటీ దీపంలా వెలుగుతున్నాయి. పక్కన బట్టతల ముసలాడు ఒకడు. ముప్పై ఏళ్లు చిన్న కిటికీలోంచి ఒక మొహాన్నే చూసినవాడి ఆశ్చర్యమంతా వాడి కళ్లలో ఉంది.

తనలో అది ఉందని తనకే తెలియదు.

"మన పెళ్లి ఫోటోలో కూడా మీరు ఇంత బాగా లేరు," అంది భార్య. "ఆవిడ పేరడిగారా?"

"లేదు."

"కనీసం ఒక దండం?"

"పక్కకు జరగమన్నాను," అన్నాడు గొంతు తగ్గించి.

మూడు నెలల తర్వాత ఆ ఫోటోకి ఫ్రేము కట్టించి, కాగితం చుట్టి, ఆవిడకి ఇద్దామని ఒక్కడే వచ్చాడు.

పెద్దరాణి పక్కన కొత్త రాయి కనిపించింది.

"ఇక్కడ ఒక పెద్దావిడ ఉండేది..." అన్నాడు వాచ్‌మన్‌తో.

"అదేనండీ ఆవిడ. వెళ్లిపోయి రెండు నెలలైంది."

ఆపరేటర్ చేతిలోని ఫ్రేమును ఆ కొత్త రాయికి ఆనించి పెట్టాడు.

"ఈ చోటు కోసం ఎంత పెద్దవాళ్లు తిరిగారో తెలుసా సార్?" వాచ్‌మన్ గొంతు దానంతటదే తగ్గింది. "మంత్రులు అడిగినా ఇవ్వలేదు. 'అది నా మనిషిది' అని రాణిగారే రాసిపెట్టి పోయారట."

"ఏమవుతుంది ఆమెకి? చెల్లెలా?"

"నాకు చదువు రాదు సార్. పేరుంది, మీరే చూసుకోండి."

ఆపరేటర్ కళ్లద్దాలు పెట్టుకుని వంగాడు.

ఇంటిపేరు, ముందు రెండు పొడి అక్షరాలు. అంతే.

చేతులు వాటంతటవే జోడించుకున్నాయి.

పెద్దరాణి ప్రతి సినిమా మొదట్లోనూ 'కెమెరా' అన్న మాట కింద, ఎవరో మగవాడిదనుకుంటూ, ముప్పై ఏళ్లు తన చేతులతో తానే తెర మీద వేసిన పేరు అది.