ఆదివారం డ్యూటీ

సందు మొదట్లో ఆగి వెనక్కి తిరిగి చూశాడాయన. తెలిసిన ముఖం ఒక్కటీ లేదు. గబగబా సైకిల్ షాపు పక్కనున్న మెట్లెక్కేశాడు.

యాభై దాటిన మనిషి. ఇలా దొంగలా రావడం ఇది ఆరో గురువారం.

పైగదిలో నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు. పాఠం చెప్పేది ఒక రిటైరైన నర్సు. క్రీస్తును కొత్తగా నమ్ముకున్నవాళ్లకి ఓనమాలన్నమాట. దేవుడంటే ఎవరు, ప్రార్థన ఎందుకు, పాపం ఒప్పుకోవడం ఎలా. ఆయనతో పాటు వచ్చేది ఒక సెలూన్ నడిపే అతను, ఒక వంటావిడ. అంతే.

రెండు నెలల కిందట ఆయన పని మీద ఒక రోగిని చూడ్డానికి ఆసుపత్రికి వెళ్లాడు. పక్క మంచం మీద ఒక ముసలాయన పోతున్నాడు. రిటైరైనా రోగుల్ని చూడ్డానికి వస్తుండే ఈ నర్సమ్మ ఆయన చెయ్యి పట్టుకుని మాట్లాడుతోంది. ముసలాయనతో కాదు, దేవుడితో. ఆ గొంతులో భయం లేదు, గొప్పా లేదు. ఎదురుగా నిలబడ్డ మనిషితో మాట్లాడినట్టే ఉంది. ఆయనకి ఒళ్లు జలదరించింది. వరండాలో ఆమెని ఆపి అడిగాడు.

"మీరు మాట్లాడింది... నిజంగా వింటాడాండీ?"

ఆమె చీటీ మీద ఈ గది అడ్రసు రాసిచ్చింది.

మూడో గురువారం "మీ సొంత మాటల్లో ప్రార్థన చెయ్యండి" అంది. ఆయన నాలిక మీదికి మాటలు బారులు తీరి వచ్చాయి. ఒక్కటీ తనది కాదు. "నాకు రాదమ్మా" అన్నాడు. చివరికి "దేవా, నేనొచ్చాను" అని మాత్రం అనగలిగాడు. అని, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

"ఇంతకీ ఏం పని చేస్తారు సార్ మీరు?" అని ఆ రోజే మెట్లు దిగుతూ అడిగాడు సెలూనతను.

"జనంతో మాట్లాడే పని."

"ఇన్సూరెన్సా?"

"అలాంటిదే."

ఇవాళ నర్సమ్మ పుస్తకం తెరిచి పెన్ను తీసింది.

"వచ్చే ఆదివారం నది దగ్గర బాప్తిస్మం. మీ పేరు రాయనా?"

"ఆదివారం కుదరదమ్మా. డ్యూటీ."

"ఒక్క ఆదివారం సెలవివ్వరా?"

"ఆదివారమే మాకు రద్దీ."

సెలూనతను నవ్వాడు. "నాకూ అంతే కదా సార్! వారమంతా ఈగలు తోలుకోవడమే. ఆదివారమే గిరాకీ. అయినా షట్టరు దించేసి వస్తున్నా."



"పోనీ, మీ చోట పనిచేసేవాళ్లకైనా చెప్పండి," అంది నర్సమ్మ మెల్లగా. "దాచుకుని ఎన్నాళ్లు బతుకుతారు? ఊపిరాడొద్దూ?"

ఇంటికొచ్చేసరికి భార్య చేతిలో ఆయన నోట్‌బుక్ ఉంది.

"'నేను నమ్మిన రోజు' అని తారీఖు వేసుకున్నారు. ఏంటిది?"

ఆయన మొత్తం చెప్పేశాడు. ఆవిడ కుర్చీలో కూలబడింది.

"నమ్మితే నమ్మారు. మనసులో పెట్టుకోండి. ఎవరడిగారు మిమ్మల్ని?"

"నావల్ల కావడం లేదే. రోజూ వేషం కట్టి నిలబడ్డట్టుంది."

"మా నాన్న పెట్టించిన ఉద్యోగం ఇది. ఈ ఇల్లు ఆ ఉద్యోగంతో వచ్చింది. కమిటీ వాళ్లకి తెలిస్తే వారం తిరక్కుండా సామాను రోడ్డు మీద పడుతుంది. పిల్ల చదువు మధ్యలో ఉంది. ఈ వయసులో మీకింకే పనొచ్చని?"

నిజమే. ఇంకే పనీ రాదు.

రెండు రోజులు ఆయనకి ముద్ద దిగలేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పడుకుంటే ఇంటికప్పు గుండెల మీదికి దిగుతున్నట్టుండేది.

ఆదివారం పొద్దున ఇస్త్రీ బట్టలు వేసుకుని పనికి బయలుదేరాడు. వదిలితే ఏమవుతుందోనని భార్య వెంటే నడిచింది. దారంతా ఒకటే మాట. "మీకు దణ్ణం పెడతాను. నోరు జారకండి."

హాలు అప్పటికే నిండిపోయింది. కమిటీ పెద్దలు ముందు వరసలో కూర్చున్నారు. ఆయన మైకు ముందుకొచ్చాడు. రాసుకొచ్చిన కాగితాలు మడిచి పక్కన పెట్టేశాడు.

"మీకో సంగతి చెప్పాలి. ఇన్నాళ్లూ మీ ముందు వేషం వేశాను. ఇక నావల్ల కాదు. నేను... నేను యేసుని నమ్ముకున్నాను."

భార్య కళ్లు గట్టిగా మూసుకుంది.

ఎవరో ఒకరు లేస్తారని, చొక్కా పట్టుకుని బయటికి గెంటుతారని చూశాడు. గెంటితే గెంటనీ. ఊపిరైనా ఆడుతుంది.

హాలంతా ఒక్క గొంతుతో "ఆమెన్!" అంది. ఇరవై రెండేళ్లుగా వింటున్న తమ పాస్టరుగారు ఈ వారం ఏ వాక్యం చదవమంటారోనని మూడు వందల మందీ బైబిళ్లు తెరిచి పట్టుకున్నారు.